బోర్డు కింది సగం

తొమ్మిదో తరగతి బి సెక్షన్‌లో మూడో పీరియడ్ గంట మోగింది. జాగ్రఫీ టీచర్ గుమ్మంలో అడుగు పెట్టి, బోర్డు వంక చూసి, అక్కడే ఆగిపోయింది.

బోర్డు నిండా లెక్కలే. పై అంచు దగ్గర మొదలై కింద చాక్‌పీసులు పెట్టే చెక్క దాకా, ఈగ వాలడానికి కూడా చోటు లేకుండా, ఒకే ఒక్క సిద్ధాంతమూ దాని నిరూపణా. రాసిన మనిషి తాటిచెట్టంత పొడుగై ఉండాలి. లేకపోతే ఆ పై వరస మామూలు మనుషులకు అందేది కాదు.

ఇదివరకైతే ఆమె డస్టర్ అందుకుని రెండు నిమిషాల్లో బోర్డు శుభ్రం చేసేసేది. ఇప్పుడు ఆ వీలు లేదు. ఆపరేషన్ అయి ఇరవై నాలుగు రోజులు. "చేతులు భుజాలు దాటి పైకి లేవకూడదు, రెండు కిలోలు మించి బరువెత్తకూడదు, ఇంకో మూడు వారాలు," అని సర్జన్ పదిసార్లు చెప్పి, పదకొండోసారి కాగితం మీద రాసిచ్చింది.

పిల్లల చేత తుడిపిద్దామంటే ఆ బడిలో అదీ కుదరదు. కిందటేడు ఒక పిల్లకి చాక్‌పీసు పొడి పడక ఆయాసం వచ్చినప్పటి నుంచి హెడ్ మిస్ట్రెస్ ఒక శాసనం చేసింది. రాసిన టీచరే తుడిచి వెళ్ళాలి, పిల్లలు డస్టర్ ముట్టుకోకూడదు.

"ఎవర్రా ఇదంతా రాసింది?"

"కొత్త లెక్కల సార్, మేడమ్. మీరు లీవులో ఉన్నప్పుడొచ్చారు."

"మేం నిచ్చెన సార్ అంటాం మేడమ్," అని వెనక బెంచీ నుంచి ఒక గొంతు ఉత్సాహంగా అందించింది.

కింది మూలలో పెద్ద అక్షరాలతో 'దయచేసి చెరపవద్దు' అని రాసి ఉంది. ఆమె ముందుగా దాన్నే చెరిపింది. తర్వాత చెయ్యి అందినంత మేర, అంటే సరిగ్గా కింది సగం, తుడిచి ఆఫ్రికా గీసింది. పిల్లలు ఆమెను మ్యాప్ మేడమ్ అనేవారు. ఏ ఖండాన్నైనా చాక్‌పీసు ఎత్తకుండా ఒకే గీతలో గీసేసేది మరి. ఆ రోజు ఆఫ్రికా మాత్రం ఎవరో నెత్తి మీద కూర్చున్నట్టు అణిగిపోయి వచ్చింది.

"మేడమ్, ఆఫ్రికా పొట్టిగా అయిపోయింది."

"జ్వరమొచ్చి లేచిందిలే. మెల్లగా కోలుకుంటుంది," అంది ఆమె.

గంట మోగేసరికి నిచ్చెన సార్ గుమ్మంలో ప్రత్యక్షమయ్యాడు. నాలుగో పీరియడ్ కూడా ఆయనదే. బోర్డు చూసి మొహం కందగడ్డలా చేసుకున్నాడు.

"ఇక్కడ నా నిరూపణ ఉండాలి."

"ఉంది కదండీ, పైన."

"సగమే ఉంది. మిగతా సగంలో ఎడారి ఉంది."

"అది సహారా అండీ. మీ నిరూపణకంటే పాతది."

క్లాసంతా ఘొల్లుమంది. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. "తుడిస్తే మొత్తం తుడవాలి, లేకపోతే ముట్టుకోకూడదు. పైకి చెయ్యెత్తడానికి కూడా బద్ధకమైతే ఎలాగండీ?"

అప్పటిదాకా మాటకు మాట అప్పగిస్తున్న మనిషి ఒక్కసారిగా నోరు మూసేసుకుంది. పుస్తకం తీసుకుని, ఆయన పక్కనుంచి తలొంచుకుని వెళ్ళిపోయింది. గెలిచానని సంబరపడదామనుకున్న లెక్కల మాస్టారికి ఏదో తప్పు చేశానని మాత్రమే అర్థమైంది. ఏ తప్పో అర్థం కాలేదు.

* * *

ఆ 'బద్ధకం' అన్న మాట ఆమెకు కొత్తది కాదు. పధ్నాలుగో ఏట ఆటల పీరియడ్‌లో పరుగెత్తనని మొండికేసినప్పుడు మొదటిసారి విన్నది. పరుగెత్తితే ఏమవుతుందో, గోడ మీద కూర్చున్న వాళ్ళ కళ్ళు ఎక్కడికి పోతాయో ఆ వయసులో నోరు విప్పి ఎవరికి చెప్పుకుంటుంది? బద్ధకస్తురాలు అనిపించుకోవడమే మేలనుకుంది. అప్పటినుంచి పదిహేనేళ్ళు ఆమె తన ఛాతీని మోసుకుని తిరిగింది. మోయడమే, వేరే మాట లేదు. మెడ నొప్పి, నడుం నొప్పి, లోబట్టల పట్టీలు దిగి భుజాల మీద పడిన గాడులు, చెమట నిలిచి ఒరిసిపోయిన చర్మం, ఎప్పుడూ రెండు సైజులు వదులు బట్టలు. పైగా తనతో మాట్లాడే మగవాళ్ళలో సగం మంది ఆమె మెడ కింద ఎవరో ఉన్నట్టు అక్కడికి చూసి మాట్లాడేవాళ్ళు.

చివరికి రొమ్ముల సైజు తగ్గించే ఆపరేషన్ చేయించుకుంది. ఆ సంగతి ఆమెకూ, అమ్మకూ, లీవు సంతకం పెట్టిన హెడ్ మిస్ట్రెస్‌కూ తప్ప నాలుగో మనిషికి తెలియదు. బడిలో అందరికీ 'భుజం ఆపరేషన్' అని చెప్పారు. నిజం తెలిస్తే స్టాఫ్ రూమ్‌లో ఏమనుకుంటారో ఆమె కళ్ళ ముందు కనిపించేది. అందం కోసం కోయించుకుందట, అని ఒకరు. ఉన్నవాళ్ళకి విలువ తెలీదు, అని ఒకరు. ఆపైన నవ్వులు. నొప్పినైనా ఓర్చుకుంటుంది గానీ ఆ నవ్వును ఆమె భరించలేదు.

"తల తిప్పకు. జడ వంకరొస్తుంది," అంది అమ్మ మర్నాడు పొద్దున.

చేతులు పైకెత్తకూడదు కాబట్టి తల దువ్వే పని మళ్ళీ అమ్మ చేతికొచ్చింది. ఇరవై తొమ్మిదేళ్ళ టీచరమ్మ ముక్కాలిపీట మీద కూర్చుంటే, అమ్మ చిక్కు తీస్తూ గుండెలో ఉన్నదంతా తీసేది.

"నేను ముందే చెప్పాను. దేవుడిచ్చిన ఒళ్ళు కోయించుకోవడమేంటే? రేపు పెళ్ళివాళ్ళడిగితే ఏం చెప్తాం? పిల్లలు పుడితే పాలెలాగ?"

"అమ్మా, చిక్కు తీస్తున్నావా, జుట్టు పీకుతున్నావా?"

"రెండూనూ."

కానీ ఆపరేషన్ రోజు బయట బల్ల మీద ఐదు గంటలు పచ్చి మంచినీళ్ళు ముట్టకుండా కూర్చున్నదీ ఆ అమ్మే. రాత్రుళ్ళు వెల్లకిలా పడుకోలేక కూతురు అవస్థ పడుతుంటే రెండు పక్కలా దిండ్లు సర్దిందీ ఆ అమ్మే. మాట వేరు, చెయ్యి వేరు.

* * *

ఆ రోజు మూడో పీరియడ్‌కి వెళ్ళేసరికి బోర్డు అద్దంలా మెరుస్తోంది. పక్కన లెక్కల మాస్టారు డస్టర్ పట్టుకుని తేలుకుట్టిన దొంగలా నిలబడి ఉన్నాడు. చొక్కా భుజాల మీద తెల్లటి పొడి.

"హెడ్ మిస్ట్రెస్ గారు చెప్పారండీ. భుజం ఆపరేషన్ అని. నాకు తెలీదు. నిన్న నేనన్న మాట..."

"అన్నారు, అయిపోయింది."

"అయిపోలేదండీ. రాత్రంతా చెవిలో మోగుతూనే ఉంది." ఆయన గొంతు సవరించుకున్నాడు. "ఈ పీరియడ్ నాకు ఖాళీ. పై సగం నేను గీస్తాను. మీరు చెప్పండి."

"మీకు మ్యాపులొచ్చా?"

"వృత్తాలొచ్చు. త్రిభుజాలొచ్చు. ఖండమంటే ఆ రెండింటికీ మధ్యలో ఏదో ఒకటి కదండీ?"

ఆ క్లాసు పిల్లలు పెద్దయ్యాక మిగతావన్నీ మర్చిపోయినా ఆ రోజు గీసిన దక్షిణ అమెరికాను మర్చిపోరు.

"అక్కడ ఉబ్బాలండీ. ఇంకా. చాలు చాలు, అంతొద్దు! అది తీరం, పొట్ట కాదు."

"ఇలాగా?"

"మీరు నదిని స్కేలుతో గీస్తున్నారా?"

"రెండు బిందువుల మధ్య అతి దగ్గర దారి సరళరేఖే కదండీ?"

"నదికి లెక్కలు రావు. వంకరలు తిరగనివ్వండి దాన్ని."

పిల్లలు బెంచీలు చరుస్తూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. ఛాతీ మీద అతికించిన టేపులు చుర్రుమని లాగాయి. అయినా నవ్వు ఆపుకోలేకపోయింది.

అలా రోజూ పది నిమిషాలు ఆయనకు మ్యాపులు గీయడమే పని. ఆమె చెప్పడం, ఆయన తప్పులు గీయడం, పిల్లలు తీర్పులు చెప్పడం. వారం తిరిగేసరికి ఆస్ట్రేలియా ఆస్ట్రేలియాలాగే వచ్చింది. క్లాసు లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. పొడుగాటి మనిషి వంగి వంగి దణ్ణాలు పెట్టాడు.

క్లాసయ్యాక వరండాలో మాటలు కూడా మొదలయ్యాయి. ఆయనకు వంట రాదనీ, వాళ్ళ బాబాయి దగ్గర పెరిగాడనీ, వర్షమంటే ఇష్టమనీ, గొడుగు ఎప్పుడూ ఎక్కడో ఒకచోట మర్చిపోతాడనీ ఆమెకు తెలిసింది. ఇంకోటి కూడా ఆమె గమనించింది. మాట్లాడేటప్పుడు ఆయన చూపు ఆమె మొహం మీదే ఉండేది. కళ్ళల్లోకో, పెదాలవైపో, అంతే. చూపు కిందికి జారదు.

దాంతో సంతోషపడాల్సింది పోయి ఆమెకు కొత్త దిగులు పట్టుకుంది. ఈయన స్వభావమే ఇదా, లేక ఇప్పుడు చూడటానికి అక్కడ పెద్దగా ఏమీ లేదు కాబట్టా? రెండు నెలల క్రితం ఎదురుపడి ఉంటే ఈ కళ్ళు కూడా అందరి కళ్ళలాగే ఉండేవా? అడిగే ధైర్యం లేదు. అడగాలంటే ముందు నిజం చెప్పాలి. చెబితే ఈ పది నిమిషాలు కూడా పోతాయేమో. ఆయన్ని చూస్తే గుండె వేగంగా కొట్టుకుంటోందని తనకి తాను ఒప్పుకుంది. ఒప్పుకున్న కొద్దీ భయం పెరిగింది.

* * *

ఇంతలో లైబ్రరీ మేడమ్ రంగంలోకి దిగింది.

ఆవిడ మంచి మనిషే. కాకపోతే నోట్లో నువ్వుగింజ నానదు. ఒకరోజు మధ్యాహ్నం జాగ్రఫీ టీచర్ పుస్తకాల అరల చాటున నిలబడి ఆసుపత్రితో ఫోన్ మాట్లాడటం ఆవిడ చెవిన పడింది. "బయాప్సీ రిపోర్టు వచ్చిందా అండీ? సర్జన్ గారు చూశారా? సరే, రేపొస్తాను." ఆ ఆపరేషన్‌లో తీసిన కండను ఎవరిదైనా సరే పరీక్షకు పంపుతారు. అది మామూలు పద్ధతి. ఆ సంగతి లైబ్రరీ మేడమ్‌కి తెలియదు. బయాప్సీ అనగానే ఆవిడ గుండె గతుక్కుమంది. భుజం ఆపరేషన్‌కి బయాప్సీ ఏమిటి? చేతులెత్తలేకపోవడమేమిటి? ఆసుపత్రిలో రొమ్ము జబ్బుల విభాగం ముందు తల్లీకూతుళ్ళను కిందటి నెల మా చెల్లెలు చూసిందే! రెండూ రెండూ కలిపి ఆవిడ ఇరవై రెండు చేసింది. సాయంత్రం గంట కొట్టేలోపు స్టాఫ్ రూమ్ మొత్తం ఏకమై జాగ్రఫీ టీచర్‌కి క్యాన్సర్ నిర్ణయించేసింది.

ఆమెకు తప్ప అందరికీ తెలిసింది. మర్నాడు ఆమె కుర్చీలో మెత్తటి దిండు ప్రత్యక్షమైంది. డ్రిల్లు మాస్టారు ఆమె సంచీ మోస్తానన్నాడు. ఎప్పుడూ పీరియడ్ల కోసం తగువులాడే భాషా టీచర్ "నా లీజర్ పీరియడ్ నువ్వు తీసుకోమ్మా" అని తల నిమిరింది. భుజానికి ఇంత మర్యాద ఉందని తెలిస్తే ముందే ఆపరేషన్ చేయించుకునేదాన్ని కదా, అనుకుంది ఆమె.

లెక్కల మాస్టారు మాత్రం మాటలు తగ్గించాడు. కళ్ళ కింద నల్లటి చారలు వచ్చాయి. మ్యాపు గీస్తూ గీస్తూ ఆగిపోయేవాడు.

"ఏమైందండీ మీకు?"

"ఏం లేదు. మీరు తిన్నారా?"

ఆరో రోజు సాయంత్రం వాన మొదలైంది. పిల్లలందరూ వెళ్ళిపోయారు. వరండా అంచున ఆమె వాన తగ్గడం కోసం చూస్తోంది. ఆయన వచ్చి పక్కన నిలబడ్డాడు. చేతిలో ఈసారి గొడుగు ఉంది, కొత్తది. తెరవడం మర్చిపోయినట్టున్నాడు, సగం తడిసి ఉన్నాడు.

"మీతో ఒక మాట చెప్పాలి. మధ్యలో ఆపకండి. ఆపితే మళ్ళీ మొదటినుంచి చెప్పుకురావాలి."

"చెప్పండి."

"మీరంటే నాకిష్టం. పెళ్ళి చేసుకుందామని ఉంది."

వాన చప్పుడు ఒక్క క్షణం వినపడలేదు ఆమెకు. పెదవి విప్పబోయింది.

"ఆపకండన్నానుగా. నాకు అన్నీ తెలుసు. ఎన్నాళ్ళన్నది నాకు అనవసరం. ఏడాదైనా సరే, ఆరు నెలలైనా సరే. మందులకీ పరీక్షలకీ నేను తోడొస్తాను. మా బాబాయికి కూడా చెప్పేశాను. ఒప్పుకున్నారు."

"ఆరు నెలలేంటి?"

ఆయన తడబడ్డాడు. "అదే... మీ జబ్బు. నా దగ్గర దాచక్కర్లేదండీ. క్యాన్సర్ అని స్టాఫంతటికీ తెలుసు."

దిండు, సంచీ, తల నిమరడం అన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి ఆమెకు. ముందు సిగ్గు, ఆ వెంటనే అరికాలి మంట నెత్తికెక్కింది.

"అంటే నేను చచ్చిపోతానని జాలిపడి పెళ్ళి చేసుకుంటానంటున్నారా? మీ త్యాగం ఎవరడిగారండీ?"

"త్యాగం కాదు..."

"నాకు ఏ జబ్బూ లేదు. రిపోర్టు కూడా వచ్చింది, శుభ్రంగా ఉంది." ఇంత దూరం వచ్చాక దాచి లాభం లేదనుకుంది. "నాది భుజం ఆపరేషన్ కాదు. రొమ్ములు మరీ పెద్దవైతే మోయలేక తగ్గించుకున్నాను. అంతే. అదీ నా జబ్బు. ఇప్పుడు తెలిసిందిగా?"

ఆయన ఆమె వంక చూశాడు. ఆ తర్వాత నవ్వాడు.

చిన్న నవ్వు కాదు. వరండా మెట్ల మీద కూలబడి, రెండు చేతులతో తల పట్టుకుని, వానలో తడుస్తూ, ఒళ్ళంతా ఊగిపోయేలా నవ్వాడు.

ఆమె ఇంక అక్కడ ఒక్క క్షణం నిలబడలేదు. ఆయన వెనకనుంచి ఏదో అరుస్తున్నా వినిపించుకోకుండా వానలోకి దిగి ఇంటికి నడిచింది.

* * *

తడిసి ముద్దై వచ్చిన కూతుర్ని చూసి అమ్మ ఏమీ అడగలేదు. బట్టలు మార్చుకోనిచ్చి, పీట మీద కూర్చోబెట్టి తల తుడవడం మొదలుపెట్టింది. రెండు నిమిషాలకి ఏడుపు, ఆ వెనకే కథంతా బయటికొచ్చింది.

"నవ్వాడా?"

"నవ్వాడమ్మా. కింద కూలబడి మరీ నవ్వాడు."

"వాడి పళ్ళు రాలిపోను," అంది అమ్మ.

తువ్వాలు కూతురి భుజం మీద ఆగింది. అక్కడ పట్టీలు దిగిన గాడి ఇంకా ఉంది. పదిహేనేళ్ళది, నెలలో పోతుందా? అమ్మ దాని మీద వేలు పెట్టి మెల్లగా రాసింది. తర్వాత తన మెడ దగ్గర బట్ట పక్కకి లాగి, "ఇటు చూడు," అంది.

అమ్మ భుజం మీదా అదే గాడి. ఇంకా లోతుగా, నల్లగా.

"ఇదేంటమ్మా? ఎప్పుడూ చెప్పలేదే?"

"ఏముందని చెప్పను? నాకు నడుం పట్టేసి ఏడిస్తే మా అమ్మ, ఆడపుట్టుక కదే, ఓర్చుకో అంది. ఓర్చుకున్నాను. నువ్వు ఆపరేషనంటే నాకు ఒళ్ళు మండింది. నేను మోసినదాన్ని ఇది మోయలేదా అని. తల్లినయ్యుండి నీ మీద అసూయపడ్డానే." అమ్మ ముక్కు తుడుచుకుంది. "మంచి పని చేశావు. ఎవడు నవ్వినా నువ్వు తలొంచుకోకు. ఈ నెల రోజుల్లో ఎంత నిటారుగా నడుస్తున్నావో నీకేం తెలుసు, నేను చూస్తున్నాను గానీ."

కూతురు వెనక్కి ఆనుకుని అమ్మ పొట్టలో తల దాచుకుంది. ఆ పూట ఇద్దరూ కలిసి బాగా ఏడ్చారు. ఏడ్చాక తేలికపడ్డారు.

మర్నాడు స్టాఫ్ రూమ్‌లో ఆమె దిండు తీసి పక్కన పెట్టి, కుర్చీ వెనక నిలబడి చెప్పింది. "నాకు క్యాన్సర్ లేదు. భుజం ఆపరేషనూ కాదు. రొమ్ముల సైజు తగ్గించుకున్నాను. మెడా నడుమూ నొప్పితో ఉండలేక. ఎవరికైనా నవ్వు వస్తే ఇప్పుడే నవ్వేయండి, మళ్ళీ మళ్ళీ ఎందుకు."

డ్రిల్లు మాస్టారు హాజరు పుస్తకంలోకి తల దూర్చేశాడు. లైబ్రరీ మేడమ్ నాలిక్కరుచుకుని, "నా నోరు పడిపోనూ, నేనేనమ్మా," అని చేతులు పట్టుకుంది. ఎవరూ నవ్వలేదు. గంట మోగాక భాషా టీచర్ మాత్రం వెనక ఉండిపోయి, అటూ ఇటూ చూసి, "ఆ డాక్టరమ్మ ఫోన్ నంబరుందా?" అని చెవిలో అడిగింది.

ఇదంతా జరుగుతుంటే లెక్కల మాస్టారు లేడు. వానలో కూర్చున్నందుకు నూట మూడు జ్వరం. ఆయనకు తగిన శాస్తే జరిగిందని ఆమె అనుకుంది. అనుకున్నాక పూటకోసారి ఎవరో ఒకరిని జ్వరం తగ్గిందటా అని అడిగింది కూడా.

* * *

ఆదివారం పొద్దున తలుపు చప్పుడైంది. అమ్మ తీసింది. గుమ్మం ఎత్తు చాలక తల వంచి నిలబడి ఉన్నాడొక పొడుగాటి మనిషి. మొహం పీక్కుపోయింది.

అమ్మ ఎగాదిగా చూసింది. "నవ్వినాయన మీరేనా?"

"నేనేనండీ."

"లోపలికి రండి. తిట్టాలన్నా కూర్చోబెట్టే తిట్టాలి."

ఆయన కుర్చీ అంచున కూర్చున్నాడు. ఎదురుగా ఆమె. అమ్మ వంటింట్లోకి వెళ్ళింది గానీ గిన్నెల చప్పుడు మాత్రం వినిపించలేదు. చెవులు ఇక్కడే ఉన్నాయన్నమాట.

"ఆ రోజు నేను నవ్వింది..." అని మొదలుపెట్టి ఆగాడు. చేతులు నలుపుకున్నాడు. "ఆరు రోజులు నిద్రపోలేదండీ నేను. మీకు ఎన్నాళ్ళుందో తెలీక, రోజూ మనసులో లెక్కలు వేసుకుంటూ ఉన్నాను. ఐదేళ్ళనుకుంటే ఇంత, రెండేళ్ళనుకుంటే ఇంత. ఏ లెక్క వేసినా చాలేది కాదు. మీరేమో జబ్బు లేదన్నారు. ఆ తర్వాత మీరన్నది సగం నా బుర్రకెక్కనే లేదు. మీరు చచ్చిపోరు, అదొక్కటే వినపడింది. ఏడుపొస్తుందేమో అనుకున్నాను, నవ్వొచ్చింది. ఆపుకోలేకపోయాను. మిమ్మల్ని చూసి నవ్వలేదండీ. మీరు ఉంటారని నవ్వాను."

ఆమె అంత తేలిగ్గా వదలదలుచుకోలేదు.

"ఒకటి అడుగుతాను. నిజం చెప్పాలి. మీరు ఎప్పుడూ నా మొహంలోకే చూసి మాట్లాడతారు. ఆపరేషన్‌కి ముందు చూసుంటే?"

"తెలీదండీ. అప్పుడు నేను మిమ్మల్ని చూడలేదు. చూడకుండా నేను బుద్ధిమంతుణ్ణని చెబితే అది అబద్ధమవుతుంది. ఇప్పుడు మాత్రం, మీరు నది ఎటు తిప్పమంటున్నారో మొహం చూడకపోతే తప్పు గీస్తానని చూడటం మొదలుపెట్టాను. ఇంక తిప్పుకోలేకపోయాను."

వంటింట్లో ఒక గరిటె కింద పడింది.

"మచ్చలుంటాయి," అంది ఆమె, నేలను చూస్తూ కాకుండా ఆయన్నే చూస్తూ. "బాగానే ఉంటాయి. పిల్లలకి పాలివ్వగలనో లేదో కూడా తెలీదు."

"తెలీనివి నాకూ చాలా ఉన్నాయండీ. తెలుసుకుందాం. మొన్న నేను మీకేదో ఇచ్చేవాడిలా మాట్లాడాను. తప్పు. మీకే లోటూ లేదు, నేను తీర్చాల్సిందీ ఏమీ లేదు. ఈసారి నాకోసం అడుగుతున్నాను. మీరు వద్దంటే రేపటినుంచి బోర్డు తుడిచి వెళ్ళిపోతాను, అంతే."

"ఆలోచించుకుని చెప్తాను."

"అలాగే. తొందరేం లేదు." ఆయన లేచాడు. అమ్మ వచ్చి, ఏమీ విననట్టు మొహం పెట్టి, తలుపు తీసి పట్టుకుంది. ఆయన చెప్పుల్లో కాళ్ళు పెడుతూ ఏదో గుర్తొచ్చినట్టు వెనక్కి తిరిగాడు.

"ఇంతకీ నొప్పి తగ్గిందాండీ? మెడా, నడుమూ?"

ఆపరేషన్ ఎందుకన్నారు, అవసరమా అన్నారు, పెళ్ళెలా అన్నారు, పిల్లలెలా అన్నారు. ఎన్నాళ్ళు బతుకుతుందో కూడా లెక్కలు వేశారు. పదిహేనేళ్ళ నొప్పి ఏమైందని మాత్రం ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

"తగ్గింది," అంది. ఆ ఒక్క మాటకే కళ్ళు నిండిపోయాయి. "మత్తు దిగిన రోజే మెడ నొప్పి పోయింది. కుట్లు మండుతున్నా సరే, నాకు నవ్వొచ్చింది, తెలుసా? పొద్దున లేచి నిలబడితే ఒళ్ళు నాదే అనిపిస్తోంది. మొన్న బస్సు కోసం నాలుగడుగులు గబగబా వేశాను. ఎవరూ చూడలేదు. ఎవరూ చూడట్లేదని ఏడుపొచ్చింది. ఇంకా..." ఊపిరి తీసుకుంది. "ఇంకా చాలా ఉందండీ. చెప్పాలంటే సాయంత్రం అవుతుంది."

"నాకు వేరే పనేమీ లేదు," అన్నాడు ఆయన.

"అయితే చెప్పులు విప్పి లోపలికి రండి. ఆలోచించడం అయిపోయింది."

అమ్మ ఆయన్ని పంపడానికి తీసిన తలుపు మళ్ళీ వేసేసి, ముగ్గురికీ కాఫీ పెట్టడానికి వెళ్ళింది.